నాలుగో మీట

టప్‌మంది.
అంతే. ఫ్యాను తన ఆఖరి చుట్లు తాను తిరుగుతూ
మెల్లగా మమ్మల్ని ఉక్కకి వదిలేసింది.

కిటికీలోంచి చూస్తే మల్కాపురం మొత్తం వెలుగుతోంది.
ఎదురు మేడలో టీవీ నీలంగా మినుకుతోంది,
కిళ్లీ బడ్డీలో ట్యూబులైటు,
హార్బరు వైపు క్రేన్ల నెత్తిన ఎర్ర బొట్లు.
ఊరి కరెంటు పోతే వీధంతా మెట్ల మీదకొచ్చి కూర్చుంటుంది,
విసనకర్రలు చేతులు మారతాయి, కబుర్లూ మారతాయి.
ఇది అది కాదు.
ఇది మా సొంత చీకటి.
అద్దెలో కలిపి ఇచ్చినట్టు, మా ఒక్కరిదే.

ఆయన సి షిఫ్టు. తెల్లారేదాకా స్టీల్‌ప్లాంటు మనిషి.
పిల్లకి పొద్దున్నే లెక్కల పరీక్ష,
దాని చేతిలో ఫోనుకి పద్నాలుగు శాతం ప్రాణం.
"టార్చి ఎత్తి పట్టుకో" అని
తలుపు వెనక డబ్బా తెరిచాను.
చిన్నవన్నీ నిటారుగా నిలబడున్నాయి, ఏమీ ఎరగనట్టు.
పెద్ద మీట ఒక్కటే కిందికి వాలింది.

ఎత్తాను. పడింది.
మళ్లీ ఎత్తాను, కాస్త కోపంగా.
మళ్లీ పడింది. దాని కోపం నాకన్నా ఎక్కువ.

పైడిరాజుకి ఫోన్ చేస్తే తగరపువలసలో పెళ్లి లైటింగు,
వెనక సన్నాయి, దాని వెనక జనరేటరు.
"ఏటమ్మా, బలమెట్టి ఎత్తేస్తన్నారా?
అలగెత్తకూడదు. అది పాడవనేదు, మిమ్మల్ని కాస్తంది.
చేతులు తుడుచుకోండి. చెప్పులేసుకోండి.
చిన్నవన్నీ దించీండి, పెద్దది ఎత్తండి,
తరవాత ఒక్కోటీ.
ఎవుడి కాడ పడితే ఆడే దొంగ."

మా సన్యాసి మావయ్య గుర్తొచ్చాడు.
ఫ్యూజు మాటిమాటికీ పోతోందని
వేలి మందం రాగి తీగ మెలేసి బిగించి
"ఇంక జన్మలో పోదు" అన్నాడు.
నిజమే, ఫ్యూజు పోలేదు.
బోర్డు పోయింది, గోడ పోయింది, నా కొత్త ఓణీ పోయింది.
మసి కడుగుతూ అత్తయ్య అన్న మాట:
"తీగైనా మనిషైనా, తెగాల్సిన చోట తెగనివ్వాల్రా."
అన్నది ఆవిడే. ఆవిడెప్పుడూ తెగలేదు.

మొదటి మీట: హాల్లో లైటు, పిల్ల ముక్కు మీద చెమట.
రెండోది: ఫ్యాను అయిష్టంగా కదిలింది.
మూడోది: ఫ్రిజ్ గొంతు సవరించుకుంది.
నాలుగోది ఎత్తానో లేదో,
టప్.

వెనక బాల్కనీ.
కొండ దాటి వచ్చే ఉప్పుగాలికి నేరుగా మొహమిచ్చిన సాకెట్,
స్క్రూల చుట్టూ పచ్చటి చిలుము.
ఈ ఊళ్లో ఆ గాలి తిననిదేముంది?
కిటికీ చువ్వలు, సైకిలు గొలుసు,
నా పెళ్లినాటి బీరువా కాళ్లు.
ఇన్నాళ్లూ బయటే తిరిగేది,
ఇప్పుడు గోడ లోపలికి నాలుక చాపింది.

నాలుగోది దించేశాను. మిగతావి నిలబడ్డాయి.
వాషింగ్ మిషన్లో ఆయన ఖాకీ జతలు
సగం ఉతుకులో, సబ్బు నీళ్లలో ముక్కు దాకా మునిగి
నా వైపే చూస్తున్నాయి.

రాత్రి పన్నెండింటికి బకెట్టు ముందు కూర్చున్నాను.
గదిలోంచి పిల్ల గట్టిగా చదువుతోంది:
ఒక గొట్టం తొట్టిని ఆరు గంటల్లో నింపును,
మరొక గొట్టం ఎనిమిది గంటల్లో ఖాళీ చేయును...
నేను పిండుతున్నాను.
ఉక్కు వాసన అంత తేలిగ్గా వదలదు.

పడుకునే ముందు అది నాలుగో మీటకి ప్లాస్టరు అంటించి
బాల్‌పెన్నుతో రాసింది:
"ముట్టుకోవద్దు. అలిగింది."

పొద్దున ఏడింటికి ఆయన వచ్చారు.
టిఫిన్ డబ్బా దించి, ప్లాస్టరు చదివి,
తీగ మీద నీళ్లు కారుతున్న ఖాకీల్ని చూసి,
నా చేతుల్ని చూసి,
"ఎవరు?" అన్నారు.